మాల తీసేశాను

బాంబూఫ్లాట్,
12 జనవరి 1991.

అత్తకు,

నీకు మేనకోడలూ కోడలూ నేనే కాబట్టి రెండు దండాలు.

ఈ దీవిలో అందరం బాగున్నాం. వంజరాలు బాగా పడుతున్నాయి, బావ ఒడ్డున ఉండేదే తక్కువ. నేను జెట్టీ పక్కన చేపలు కోసి అమ్ముతున్నాను. చిన్నది పాలు మరిచింది. పెద్దది తెలుగులో అన్నం అడుగుతుంది, హిందీలో దెబ్బలాడుతుంది. నిన్న నన్ను పట్టుకుని 'తుమ్ చుప్ రహో', నువ్వు నోరు మూసుకో, అంది. నువ్వుంటే ముద్దు పెట్టుకునేదానివి, నేను వీపు మీద రెండు వేశాను.

ముఖ్యమైన సంగతి ఒకటుంది. నేను మాల వేసుకుంటున్నాను. ఇక్కడ ఒక దీదీ చెప్పింది. రోజూ రాత్రి పడుకునే ముందు వేసుకుంటాను, ఒక్కరోజు కూడా తప్పకూడదట. పిల్లల సంగతి మనం అనుకున్నట్టు జరగాలంటే ఇదే మంచి దారి అంది. బావకూ ఇష్టమే. రేడియోలో రోజూ చెబుతూనే ఉన్నారు కాబట్టి నీకు తెలిసే ఉంటుంది.

వీరరాఘవయ్య మాస్టారు నీకు ఉత్తరం చదివేటప్పుడు అరుగు మీద సగం పేట కూర్చుని ఉంటుంది. అందుకని ఇంతకంటే విప్పి రాయలేను. కోప్పడకు.

నీ,
యర్రమ్మ


ముత్యాలమ్మపాలెం,
16 ఫిబ్రవరి 1991.

చిరంజీవి సౌభాగ్యవతి యర్రమ్మకు,

మీ అత్త గురువమ్మ దీవెనలు. ఆమె చెప్పగా రాస్తున్నది వీరరాఘవయ్య మాస్టారు.

నీ ఉత్తరం చదవగానే మీ అత్త కళ్ళు తుడుచుకుంది. ఇద్దరు ఆడపిల్లల తర్వాత నీకు నువ్వుగా మగబిడ్డ కోసం మాల వేసుకున్నావని పేటంతా తిరిగి చెప్పింది. కోప్పడకు అని ఎందుకు రాశావో ఆమెకు అర్థం కాలేదు. ఆడవాళ్ళు అయ్యప్ప మాల వేసుకోరు గదా అని పక్కన కూర్చున్న తవిటమ్మ సందేహం వెలిబుచ్చింది. అది భవానీ మాల అయి ఉంటుందని నేను వివరించాను.

అయితే నీ పద్ధతి సరిగా లేదని మీ అత్త అంటోంది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "రేత్రి ఏసుకుని పగలు తీసీడవేటి? మాలంటే ముక్కుపుడకనుకుందేటి? నీళ్ళోసుకున్నా, నిద్దరోయినా మెడలోనే ఉండాల."

మాల ఉన్నన్నాళ్ళూ ఇంట్లో చేప వండకూడదు. మీ బావ పట్టవచ్చు, మీరు తినకూడదు. రాత్రిళ్ళు ఎవరి చాప వాళ్ళదేనని కూడా చెప్పమంది. ఇది రాయడానికి నాకు మొహమాటంగా ఉంది.

నీకు తోడుగా ఆమె కూడా మాల వేసుకుంది. నువ్వు కడుపుతో ఉన్నావని ఉత్తరం వచ్చేదాకా తీయనని ముత్యాలమ్మ గుడిలో అందరి ముందూ చెప్పింది. నీకు ఎర్రచీర ఒకటి కొన్నది. వచ్చే ఓడలో ఎవరైనా మనవాళ్ళు ఉంటే పంపుతుంది.

మీ అత్త గురువమ్మ వేలిముద్ర


బాంబూఫ్లాట్,
2 మార్చి 1991.

అత్తకు,

నీ జవాబు ఇంకా అందలేదు. ఓడ ఆలస్యమంటున్నారు. ఆగలేక మళ్ళీ రాస్తున్నాను.

నా పార్శ్వపు నొప్పి సంగతి నీకు తెలుసు, పెళ్ళికి ముందు నుంచీ ఉన్నదే. ఇదివరకు ఎప్పుడో ఒకసారి వచ్చేది. మాల వేసుకోవడం మొదలుపెట్టాక ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. నొప్పికి ముందు కళ్ళలో మెరుపులు. ఎండలో చేప పొలుసులు మెరిసినట్టు ఒక వంకర గీత మొదలై, పాకి పాకి ఒక పక్క చూపంతా మింగేస్తుంది. ఆ తర్వాత సగం తల పగిలిపోతుంది. వాంతి అయ్యేదాకా వదలదు.

మొన్న జెట్టీ దగ్గర వంజరం కోస్తుంటే ఆ మెరుపులే వచ్చాయి. కుడిచెయ్యి తిమ్మిరెక్కి కత్తి జారిపోయింది. కొనడానికి వచ్చినామె "క్యా హువా దీదీ" అని ఏమైందో అడుగుతుంటే నా నోట సరిగ్గా మాట రాలేదు. కాసేపటికి అన్నీ సర్దుకున్నాయి. కానీ నాకు భయం వేసింది.

నీకూ ఈ మెరుపులు వచ్చేవని నాన్న చెప్పేవాడు. తమ్ముడు కదా, చిన్నప్పటి నుంచీ చూశాడు. నువ్వేం చేసేదానివి? నన్ను మాల ఆపమంటావా?

నీ,
యర్రమ్మ


ముత్యాలమ్మపాలెం,
30 మార్చి 1991.

సౌభాగ్యవతి యర్రమ్మకు,

గురువమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివాక మీ అత్త లేచి దీపం పెట్టింది. భయపడవద్దని చెప్పమంది. అవి జబ్బు మెరుపులు కావు, అమ్మవారి చూపు. మీ ఇంటి ఆడవాళ్ళకు అది వంశంలో వస్తోంది. పండగకి ఆమెను పీట మీద కూర్చోబెట్టి, పసుపు నీళ్ళు పోసి, వేటకి ఎప్పుడు వెళ్ళాలి, పెళ్ళి ఎప్పుడు చెయ్యాలి అని పేటంతా అడిగేది ఆ మెరుపుల వల్లనే. అవి నీకు ఎక్కువయ్యాయంటే నీ మాలను అమ్మవారు ఒప్పుకున్నట్టు. చెయ్యి తిమ్మిరెక్కితే వేపాకు వేసి కాచిన నీళ్ళు పోసుకో.

కడపటి మాట ఆమె రెండుసార్లు చెప్పి రాయించింది. "మద్దిలో మాల తియ్యకు. తీసినావంటే సముద్రం మీదున్నోడికి కీడు. నా కొడుకు నీ మెడలో ఉన్నాడు."

ఎర్రచీర మన పేట సూరయ్య చేత పంపుతున్నది. అతను ఈ ఓడలోనే వస్తున్నాడు.

మీ అత్త గురువమ్మ వేలిముద్ర


బాంబూఫ్లాట్,
5 మే 1991.

అత్తా,

నీ రెండు ఉత్తరాలూ, ఎర్రచీరా పోయిన నెల మొదట్లో ఒకే ఓడలో దిగాయి. మొదటిది చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. రెండోది చదివాక నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

మాస్టారూ, మీకు దండం. ఇక్కడి నుంచి ప్రతి మాటా పైకి చదవండి. గొంతు తగ్గించవద్దు, కాగితం దాటవద్దు. అరుగు మీద ఎవరున్నా సరే. సిగ్గుపడి సగం మాట రాసినందుకే నా ప్రాణం మీదికి వచ్చింది. ఇక సిగ్గుపడను.

అత్తా, నేను వేసుకున్నది మెడలో మాల కాదు. మాల అనే పేరున్న గోళీలు. పిల్లలు పుట్టకుండా రోజుకొకటి నీళ్ళతో మింగుతారు. రేడియోలో చెప్పేది వాటి గురించే. దీదీ అన్నది మా డిస్పెన్సరీ సిస్టర్‌ని. మనవడు రావాలని నువ్వు మెడలో వేసుకున్నావు, ఇంకొకళ్ళు రాకూడదని నేను నోట్లో వేసుకున్నాను. పేరు ఒకటే కావడం మన ఖర్మ.

నీ రెండో ఉత్తరం బావకు చదివి వినిపించాను. అక్కడే దెబ్బతిన్నాను. ఆ గోళీల అట్ట డిస్పెన్సరీ నుంచి తెచ్చేది ఆయనే, అదేమిటో ఆయనకు తెలుసు. అయినా కీడు అన్న మాట వినగానే మొహం మాడిపోయింది. "గోళీ అయితే మాత్రం, మాలే గదే దాని పేరు. అమ్మ నోటంట వచ్చీసింది. ఈ అట్ట అయ్యేదాకా ఏసుకో" అన్నాడు. నీ మాటకూ, ఆయన భయానికీ తలవంచి ఆ అట్ట పూర్తి చేశాను. అది అయిపోయాక ఇంకొకటి తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆ రెండో అట్ట మీదున్నప్పుడు ఫెర్రీ పడవ ఎక్కుతూ పెద్దదాన్ని పిలుద్దామని నోరు తెరిస్తే పేరు రాలేదు. కన్నకూతురి పేరు, అత్తా. కుడివైపంతా మొద్దుబారిపోయి ఫెర్రీలో పిల్లల పక్కన కూలబడ్డాను. అప్పుడు దిగింది బావకు భయం. అదే ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. నా కళ్ళూ చేతులూ చూసి, "దర్ద్ సే పహలే ఆంఖోం మే కుఛ్ చమక్తా హై?" అంది. నొప్పికి ముందు కళ్ళలో ఏమైనా మెరుస్తుందా అని. ఆ మాట అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు, నేనూ డిస్పెన్సరీలో చెప్పలేదు. తలనొప్పికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు? మెరుస్తుంది అన్నాను. వెంటనే నా చేతిలోని అట్ట తీసి బల్ల మీద పెట్టేసింది.

గోళీ చెడ్డది కాదంది. ఎందరికో సరిపడుతుందట. మెరుపులతో వచ్చే పార్శ్వపు నొప్పి ఉన్న ఆడవాళ్ళు మాత్రం ఈ రకం గోళీ మింగకూడదట. మెదడుకు పోయే రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం వాళ్ళకు పెరుగుతుందట. మెరుపులు లేని తలనొప్పి అయినా సరే, డాక్టరుకు చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలట. ఈసారికి నా చెయ్యి నాకు తిరిగొచ్చింది. ప్రతిసారీ రాదు అంది.

"అయితే ఇంకొకళ్ళని కనీమంటారా?" అని బావ అడిగాడు. ఆవిడ అతన్ని నిలువునా చూసి, కనాలో వద్దో ఆమెను అడుగు, దారులు నేను చెబుతాను అంది. నిరోధ్ ఉంది. ఆపరేషన్ ఉంది, మగవాళ్ళకైతే ఇంకా తేలికది. రాగితీగ చుట్టిన చిన్న ముక్క ఒకటుంది, కాపర్-టి. లోపల పెడితే కొన్నేళ్ళు ఉంటుంది, వద్దనుకుంటే తీసేస్తారు. గోళీలో ఉండే మందు దాంట్లో లేదు కాబట్టి నాలాంటి తలనొప్పి వాళ్ళకు దానితో ఆ భయం లేదట. మొదటి నెలల్లో బహిష్టు ఎక్కువ కావచ్చు, నొప్పి ఉండొచ్చు, ఏమాత్రం తేడాగా ఉన్నా రమ్మంది. నన్ను పరీక్ష చేసి, నాకు పనికొస్తుందని చెప్పింది. నేను అదే కావాలన్నాను. బావను అడగలేదు. మళ్ళీ వెళ్ళి పెట్టించుకున్నాను.

మాల తీసేశాను, అత్తా. మధ్యలోనే తీసేశాను. నా చెయ్యి పడిపోవాలని కోరుకునే అమ్మవారు ఎవరైనా ఉంటే నా దగ్గరికి పంపు, నేనే మాట్లాడుకుంటాను. నాకు ఇద్దరు కూతుళ్ళు చాలు. రెండు చేతులుంటే చేపలు కోసి ఇద్దర్నీ చదివిస్తాను. మనవడి కోసం నన్ను పక్షవాతంతో చాప మీద పడుకోమంటే పడుకోను. నువ్వు కోప్పడినా పడుకోను, పేటంతా కోప్పడినా పడుకోను.

చీర బాగుంది. కట్టుకుని చేపల బజారుకు వెళ్ళాను.

నీ,
యర్రమ్మ


ముత్యాలమ్మపాలెం,
10 జూన్ 1991.

యర్రమ్మకు,

మీ అత్త చెప్పగా వీరరాఘవయ్య రాయునది.

నువ్వు మాల మధ్యలో తీసేశావని, ఇద్దరు కూతుళ్ళు చాలన్నావని తెలిసి ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. అమ్మవారినే మాట్లాడతాను రమ్మన్నావట. మా తమ్ముడు నిన్ను ఇలా పెంచలేదంటోంది. మెరుపులు వచ్చాక కూడా మాల తీసిన ఆడదాన్ని ఆమె ఎక్కడా వినలేదు.

ఈ ఓడలోనే పిల్లల్ని తీసుకుని రమ్మంటోంది. గుడిలో తప్పు ఒప్పుకుని, కొత్త మాల వేసుకున్నాకే తిరిగి వెళ్ళాలి. రాకపోతే ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

వేలిముద్ర వేయనంది. కాబట్టి లేదు.

వీరరాఘవయ్య


బాంబూఫ్లాట్,
8 జూలై 1991.

అత్తా,

ఈ కవరు మీద తవిటమ్మ కోడలు కాళమ్మ పేరు రాశాను. ఆమె పదో తరగతి చదివింది. మన పేటలో ఉత్తరం చదవగలిగిన ఆడది ఆమె ఒక్కతే. కాళమ్మా, ఇది మా అత్తకు చదివి పెట్టు.

అత్తా, నీ ఉత్తరంలో గోళీ అన్న మాట ఒక్కటి లేదు. నా చేతి గురించి అడగలేదు. పెద్దదాని పేరు నోట రాలేదని రాస్తే ఎలా ఉన్నావే అని అడగని మనిషివి కావు నువ్వు. నన్ను కొట్టడానికైనా ముందు నా చెయ్యి పట్టుకుని చూసేదానివి. అంటే ఆ ఉత్తరం నువ్వు వినలేదు. మాస్టారు మంచివారే. గోళీ దగ్గరా, బహిష్టు దగ్గరా ఆయన నోరు పెగలలేదు. వాటిని దాటేసి, చివర నా పొగరు మాత్రం నీకు వినిపించారు.

అందుకని ఆ ఉత్తరమంతా ఇంకో కాగితం మీద మళ్ళీ రాసి దీనితో పెట్టాను. ముందు అది విను. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టు, తీసుకుంటాను.

నేను రాను. తప్పు ఒప్పుకోను, కొత్త మాల వేసుకోను. ఒడ్డున చేపల తట్ట మోసే చెయ్యి ఇది, దీన్ని నేనే కాపాడుకున్నాను. కీడు సంగతి కూడా విను. మాల తీసేశాక బావ సముద్రం మీద పెద్ద గాలిలో చిక్కుకున్నాడు. వల పోయింది, మనిషి వచ్చాడు. కీడు వల్ల వల పోయిందని నువ్వంటావు. మనిషి వచ్చాడు కదా అని నేనంటాను. వచ్చిన మనిషి ఏమన్నాడో తెలుసా? "నువ్వు మాల తీసీసినావు గనక అమ్మోరు వల పట్టుకుపోనాది" అన్నాడు. "అయితే వలతో పోయింది, నన్ను పట్టుకుపోలేదు కదా" అన్నాను. అన్నం తిని పడుకున్నాడు.

తలనొప్పి ఇప్పటికీ వస్తోంది, మునుపటిలా ఎప్పుడో ఒకసారి. మొదటి రెండు నెలలు బహిష్టు కష్టంగానే ఉంది, ఇప్పుడు తగ్గింది. చెయ్యి మళ్ళీ తిమ్మిరెక్కలేదు.

నువ్వు ఉత్తరాలు అక్కర్లేదన్నా నేను రాస్తాను.

నీ,
యర్రమ్మ


ముత్యాలమ్మపాలెం,
20 ఆగస్టు 1991.

ఒలే యర్రీ,

నానేనే, మీ అత్తని. మాస్టారు లేడు, కాళమ్మ రాస్తంది. నానెలాగ సెప్తే అలాగే రాయమన్నాను. దిద్దితే సెయ్యి ఇరిసీస్తానన్నాను.

నీ సెయ్యి ఎలాగుందే? ముందు అది రాయి. ఏళ్ళన్నీ మడవగలుగుతున్నావా? బిందె ఎత్తగలుగుతున్నావా? పెద్దదాని పేరు నోట రాలేదని సదివితే నా గుండె ఆగిపోనాదే.

నీ ఉత్తరం వలలు బాగుసేసేకాడ సదివించినాను. అందరం ఆడోళ్ళమే. కాళమ్మ గడగడా సదువుకుంటా వచ్చి మెరుపులకాడ ఆగిపోనాది. అచ్చరం తెలవలేదేటే అన్నాను. "గురువమ్మత్తా, నాకూ ఇవే మెరుపులు. నానూ ఆ గోళీయే మింగుతున్నాను" అంది. తవిటమ్మకి అప్పటిదాకా ఆ సంగతే తెల్దు. కోడలి మీదకి లేచింది. నాను తవిటమ్మ సెయ్యి పట్టి కూకోబెట్టినాను. "ముందు పిల్ల బతకాల, తరవాత నీ మనవడు" అన్నాను. ఆ మాట నా నోటంట ఎలాగొచ్చిందో నాకే తెల్దు. నాను రెండు రోజులు అన్నం మానేసింది మనవడి కోసం ఏడ్సే గదేటి.

మర్నాడు కాళమ్మని అనకాపల్లి తీసుకెళ్ళినాను. అక్కడ డాక్టరూ నీ బెంగాలీ ఆవిడ సెప్పిందే సెప్పినాడు. గోళీ ఆపించీసినాడు. మరేటి వాడాలో కాళమ్మా, మొగుడూ ఎంచుకుంటారు. నువ్వు లోపల పెట్టించుకున్నలాటి లూపులంటే నాకు ఇప్పటికీ బయమే, మా రోజుల్లో ఏటేటో సెప్పుకునీవోరు. నీకు పడింది గాబట్టి నోరు మూసుకుంటన్నాను.

మాస్టార్ని నిలదీసినాను. మిగతాది ఎందుకు సదవలేదయ్యా అంటే, ఆడకూతురి మరియాద కాపాడినానన్నాడు. సెయ్యి పడిపోతే నీ మరియాద వచ్చి సేపలు కోస్తాదేటి అన్నాను. అరుగు దిగి వచ్చీసినాను.

ఇప్పుడు అసలు సంగతి. ముత్యాలమ్మ పండగ అయ్యింది. ఎప్పట్లాగే నన్ను పీట మీద కూకోబెట్టి పసుపు నీళ్ళు పోసినారు. వేట ఎప్పుడు, పెళ్ళి ఎప్పుడని అడిగినారు. నాను దేనికీ జవాబు సెప్పలేదు. "మెరుపులొచ్చే ఆడోళ్ళు మాల గోళీ మింగకండి. డాక్టరు కాడికెళ్ళి మెరుపుల సంగతి సెప్పి, ఇంకోటి అడగండి" అన్నాను. మగోళ్ళు నోళ్ళు తెరిసీసినారు. ఆడోళ్ళు దండం పెట్టినారు. అమ్మోరే సెప్పిందనుకున్నారు. నాను కాదన్లేదు. నా మెరుపులు అమ్మోరివో రోగానివో, ఈ వయసులో నాకెందుకు? మాట మంచిది గదా.

నువ్వు కడుపుతో ఉన్నావని ఉత్తరం వచ్చేదాకా తియ్యనని ఒక మాల ఏసుకున్నాను, గేపకం ఉందా? ఆ పీట మీదే, అందరూ సూస్తండగా తీసీసినాను. సముద్రం మీద నా కొడుకున్నాడని తెలిసే తీసినాను.

ఏటవుద్దో సూద్దాం.

మీ అత్త